నేను గొర్రు పట్టిన ఏడు

ఎనభైల మొదట్లో, నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు, మా నాయన బావి మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టించుకుని ఇంటికొచ్చిన మూడో రోజే వాన పడింది. రెండేళ్ళుగా పంట చూడని మా కంబదూరు నేల. ఊరంతా సంబరం, మా ఇంట్లో ఏడుపు. మెట్టలో తడి పదును రెండు మూడు రోజులే నిలుస్తుంది. ఆలోపు వేరుశనగ విత్తాలి. విత్తే గొర్రు తోలే మగవాళ్ళందరూ ఎవరి చేలల్లో వాళ్ళున్నారు; మా ఇంట్లో మిగిలింది ఆడవాళ్ళమే.

"ఈ ఏడూ పాయె," అంది అమ్మ.

గొర్రు వెంట నడుస్తూ గింజలు వదలడం ఆడవాళ్ళ పని. గొర్రు పట్టి ఎద్దులను తోలడం మగవాళ్ళది. నాయన తల్లి, మా అవ్వ, గడపలో కూర్చుని అంతా వింటోంది. నన్ను దగ్గరికి పిలిచింది.

"ఇట్లాంటి కరువులోనే మీ తాత కూలికని బళ్ళారి పక్కకు పోయినాడు. వాన వచ్చె. ఎద్దులుండాయి, మనిషి లేడు. నేనే పట్టినా గొర్రు."

"భయం కాలేదా అవ్వా?"

"ఎందుకు కాలేదు? అయినా జొన్న విత్తేకి దిగినా. మొదటి సాళ్ళు పాము పోయినట్ల పోయినాయి. మొలకకు వంకర తెలుస్తాదా? ఆ జొన్నలే మీ నాయన్ను సాకినాయి."

మంచం మీదున్న నాయన వైపు చూశాను. ఇక ఆగలేదు.

పొద్దున్నే గొర్రు పట్టాను. అమ్మ గింజలు వదిలింది. అవ్వ గట్టు మీద కూర్చుంది. దారిన పోయే ఒకాయన ఆగి, "ఏమవ్వా, ఆడపిల్లకిచ్చినారా గొర్రు?" అన్నాడు.

"నువ్వొచ్చి తోల్తావా? లేకుంటే పో, ఎద్దులు బెదుర్తాయి," అంది అవ్వ.

మధ్యాహ్నానికి అరచేతులు బొబ్బలెక్కాయి. సాయంత్రానికి ఎద్దులు నా మాట వినసాగాయి. రెండోరోజు పొద్దుగూకేలోపు చివరి సాలు తిప్పి, "అయిపాయె!" అని అరిచాను. పక్క చేలవాళ్ళు కూడా తలెత్తి చూశారు.

వారం దాటాక నాయన కర్రల సాయంతో చేని దగ్గరికి వచ్చాడు. నేలంతా పచ్చటి మొలకలు. కళ్ళు తుడుచుకుని, "నేను విత్తినా ఇంతే మొలిచుండేది," అన్నాడు. ఆయన నోట అంతకు మించిన మెప్పు ఎవరూ వినలేదు. ఆ ఏడు కాయలు బాగా ఊరాయి. కళ్ళంలో మా కుప్ప నా తలకన్నా ఎత్తు లేచింది.

పెళ్ళయి యాడికి అనే ఊరి పక్కకు వెళ్ళాక మళ్ళీ వానలు ఎగ్గొట్టాయి. ఈసారి నేనే వెళ్ళి అత్త పక్కన కూర్చున్నాను. "మీ కాలంలో ఇట్లయితే ఏం చేసినారత్తా?" అని అడిగాను. ఆమె దగ్గరా ఒక కథ ఉంది, అదను దాటాక ఉలవలు చల్లి గట్టెక్కిన కథ. మేమూ ఆలస్యంగా పడిన వానకు ఉలవలే చల్లాం. పండాయి.