కాయం మొదటి ముద్ద

మా వంటింటి అలమారలో ఒక గాజుసీసా ఉంది. అందులో ఎండిన దుంప ముక్కలుంటాయి. పైన ఎర్రమట్టి రంగు, చుట్టూ దారం బిగించి కట్టినట్టు గీతలు, విరిచి చూస్తే లోపల పీచు. మూత తీస్తే అల్లం వాసనకు కర్పూరం తోడైనట్టు ఒక ఘాటు ముక్కుకు తగులుతుంది. అల్లం కుటుంబానికే చెందిన ఈ దుంపను తెలుగువాళ్ళు దుంపరాష్ట్రం అంటారు. మేముంటున్న సౌదీలోని అల్ అజీజియాలో మూలికల దుకాణంవాళ్ళు ఖులంజాన్ అంటారు. బాలింతలకు పెట్టే కాయంలో ఇది తప్పకుండా పడుతుంది. ఇరవై ఆరేళ్ళు వచ్చేదాకా నాకు ఆ రెండు పేర్లలో ఒక్కటీ తెలియదు. తెలియజెప్పిన మనిషిని తలచుకోకుండా నేను ఆ సీసా మూత తీయలేను.

నాకు పాప పుట్టినప్పుడు మా అమ్మ పక్కన లేదు. ప్రయాణానికి పది రోజుల ముందు ఆమె మెట్ల మీద జారి కాలికి కట్టు వేయించుకుంది. మా ఆయన జుబైల్‌లో ఫ్యాక్టరీ ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పనుల్లో ఉన్నాడు. తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కి, చీకటి పడ్డాక ఇల్లు చేరేవాడు. పగలంతా నేనూ, మూడు రోజుల పాపా, ఏసీ చప్పుడూ.

మేము అద్దెకుంటున్నది ఒక సౌదీ కుటుంబం ఇంటి కింది భాగంలో. పైన వాళ్ళింట్లో పనిచేసే ఆవిడది రాజోలు ప్రాంతం, నడివయసు. సాయంత్రం నమాజు తర్వాత పై ఇంటి మేడమ్ ఆమె చేతికి ఖర్జూరాలో, వేడి సూపో ఇచ్చి కిందికి పంపేది, అరగంట ఉండి రమ్మనేది. మేడమ్ మంచితనం వల్లనే ఆవిడ నాకు దొరికిందని ముందే చెప్పడం న్యాయం. మాది హనుమకొండ కాబట్టి అలవాటుగా ఆవిడను చిన్నమ్మా అని పిలిచాను.

“మా వైపు పిన్నీ అంటారు. సిన్నమ్మా అంటే ఎవర్నో పిలుత్తన్నావని వెనక్కి సూసుకున్నాను” అని నవ్వింది. మర్నాటికల్లా ఆ పిలుపుకే పలికింది.

అయిదో రోజున స్టీలు గిన్నెలో నల్లటి ముద్ద తెచ్చింది. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము, దుంపరాష్ట్రం వేయించి, దంచి, గుడ్డలో జల్లించి, బెల్లం పాకంలో నెయ్యి పోసి ఉడికించిందట. పై ఇంటి ముసలమ్మ దగ్గర ఖులంజాన్ వాసన తగిలి, ఇది మా దుంపరాష్ట్రమే కదా అని రెండేళ్ళ కిందటే గుర్తుపట్టిందట. అరబ్బీలో మామా అంటే అమ్మ; ఆ ఇంట్లో అందరూ పెద్ద మామా అని పిలిచే ఆ ముసలమ్మ, మేడమ్ తల్లి.

నేను కాలేజీలో నాలుగేళ్ళు డిబేట్ జట్టులో ఉన్నదాన్ని. ఎవరేమి చెప్పినా ఆధారమేమిటని అడగడం నాకు మర్యాదలో భాగం.

“దీనితోని మేలైతదని ఎట్ల తెలుసు చిన్నమ్మా? ఎవరన్నా పరీక్ష చేసిన్రా?”

“ఆయ్, సేసేరు. మా అమ్మ నామీద సేసింది, నేను మా సెల్లిమీద సేసేను. ఇప్పుడు నీమీద. నోరు తెరు.”

నేను తెరవలేదు. ఆసుపత్రికి ఫోన్ చేసి, నాకు కాన్పు చేసిన డాక్టరమ్మను అడిగాను. చిన్నమ్మ గిన్నె ఒళ్ళో పెట్టుకుని, పాప పాదాలు నిమురుతూ కూర్చుంది.

“ఏటంది?”

“కొంచెం తినొచ్చన్నది. రక్తస్రావం ఎక్కువైతే ఆపేసి రమ్మన్నది. పాపకు పెట్టొద్దన్నది.”

“పసిగుడ్డుకి ఎవరెడతారే! ఇందులో నాకు తెలీంది ఒక్కటి సెప్పమను మీ డాక్టర్ని.”

అప్పుడు నోరు తెరిచాను. ఉసిరికాయంత ముద్ద. ముందు తీపి, ఆ వెనకే గొంతు దాకా మంట, కళ్ళ వెంట నీళ్ళు. చిన్నమ్మ నా గడ్డం పట్టుకుని మింగేదాకా వదల్లేదు. “మొదటి ముద్ద కన్నతల్లి పెట్టాల. మీ అమ్మ రాలేదు గాబట్టి నేనెట్టేను. మా అమ్మాయికీ ఎనిమిదో నెల. అప్పటికి నేనెల్లి పెట్టాల” అంది. తర్వాత చేయి కడుక్కోవడానికి లేచింది.

ఆ మాట నేను వదలలేదు. రోజుకొక ప్రశ్న చొప్పున మొత్తం రాబట్టాను. చిన్నమ్మకు ఒక్కతే కూతురు, తొలికాన్పు. చిన్నమ్మ ఇక్కడికొచ్చి రెండేళ్ళ అయిదు నెలలు. రెండేళ్ళకు సెలవు ఇస్తామని ఒప్పందం. సెలవడిగితే మేడమ్ ఇన్షా అల్లాహ్ అన్నదట కాని, ఊరెళ్ళి తిరిగి రావడానికి కావలసిన ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా వేయించలేదు. కారణం కూడా తెలిసింది. మేడమ్ కూతురికి కూడా అదే నెలలో కాన్పు, నలభై రోజులు పుట్టింట్లోనే ఉంటుంది. ఆ నలభై రోజులకూ చిన్నమ్మ చేతి వంటా, చిన్నమ్మ చేతి కాయమూ కావాలి.

చిన్నమ్మ రోజూ వచ్చింది. పాపకు నీళ్ళు పోసింది, నా నడుముకు గుడ్డ బిగించి కట్టింది, ముద్ద తినిపించింది. మూడో వారానికి నేను లేచి తిరుగుతున్నాను. అది దుంపరాష్ట్రం వల్లనా, నిద్ర వల్లనా, నా వయసు వల్లనా అని అడిగితే నేను ఇప్పటికీ చెప్పలేను. ఒక్క బాలింతతో ఏదీ రుజువు కాదు. కాని ఆ అరగంట కోసం రోజంతా ఎదురుచూశానన్నదానికి రుజువు అక్కర్లేదు.

నా కృతజ్ఞత చూపించాలనుకున్నాను. నాకు తెలిసిన ఒకే ఒక్క విద్యతో చూపించాను.

మేడమ్ కూతురు పుట్టింటికి వచ్చిందని తెలిసి, పాపను భుజాన వేసుకుని పైకి వెళ్ళాను. ఆమె ఇంగ్లీషు నా ఇంగ్లీషుకన్నా బాగుంటుంది. ఖర్జూరాలు పెట్టారు, కాఫీ పోశారు, పాపను ముద్దాడారు. నేను కప్పు కింద పెట్టి వాదన మొదలుపెట్టాను. రెండేళ్ళకు సెలవన్నది ఒప్పందంలోనే ఉంది. దాని మీద అయిదు నెలలు గడిచాయి. మూడోది, మీకు ఈ సమయంలో మీ అమ్మ ఎందుకు కావాలో, చిన్నమ్మ కూతురికీ సరిగ్గా అందుకే వాళ్ళమ్మ కావాలి. ఆ మూడోది చెప్పినప్పుడు ఆమె చేయి పొట్ట మీదికి పోయింది. నేను దాన్ని అంగీకారం కింద జమకట్టుకున్నాను. పక్కన మేడమ్ ఇంగ్లీషు అర్థంకాక నా ముఖమూ, కూతురి ముఖమూ మార్చి మార్చి చూసింది. కాఫీ పాత్రతో గుమ్మంలో నిలబడ్డ చిన్నమ్మకూ ఇంగ్లీషు రాదు. కాని మాట తన గురించేనని తెలిసింది.

మర్నాడు చిన్నమ్మ రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు. నాలుగో రోజు విషయం చెబితే మా ఆయన అన్నం కలుపుతూ, “గెలిచినవ్ గదా? కప్పేమన్న ఇచ్చిన్రా?” అన్నాడు. కోపమొచ్చింది.

వారానికి, చెత్తసంచి పడేసే చోట చిన్నమ్మ కనబడింది. మేడమ్ చాలా నొచ్చుకుందట. పనిమనిషి కిందికెళ్ళి ఇంటిగుట్టు అద్దెకున్నవాళ్ళకు చెప్పిందనుకుందట. కిందికి పోవద్దంది. సెలవు మాట ఎత్తడానికే లేకుండా పోయింది.

“నేను చెప్పినదాంట్ల తప్పేమున్నది చిన్నమ్మా?”

“తప్పని ఎవరన్నారు? నా తరపున మాట్టాడేవు. మరి నన్నడిగేవా?”

నా చేతిలోని సంచి కింద పెట్టాను.

“పెద్ద మామాకి నెమ్మదిగా సెప్పుకుందారని సూత్తన్నాను. మోకాళ్ళకి నూనె రాసేటప్పుడు ఆవిడ మాట ఇంటాది. ఇంకో వారం ఆగితే అయ్యేది. నువ్వు అంతా కలిపేసి ఎల్లిపోయేవు” అంది. సంచి పడేసి, చేతులు దులుపుకుని, “పాప పాలు తాగుతందా? నడుం కట్టు ఇప్పేసేవా ఏంటి, అప్పుడే?” అని అడిగింది.

కాలేజీ పోటీల్లో నాణెం ఎగరేసి ఎవరిది ఏ పక్షమో తేల్చేవారు. కూలీల తరపున మాట్లాడాను, ఖైదీల తరపున మాట్లాడాను, వలసవెళ్ళిన ఆడవాళ్ళ తరపున కూడా ఒకసారి మాట్లాడి బహుమతి తెచ్చుకున్నాను. ఎవరి తరపున మాట్లాడానో వాళ్ళు ఏనాడూ ఆ గదిలో లేరు. ఈసారి గుమ్మంలోనే ఉంది, అయినా అడగలేదు. ఈ సంగతి చెత్తకుండీ దగ్గర అర్థమైంది.

“ఇప్పుడేం చెయ్యాలె? నువ్వే చెప్పు” అన్నాను.

“ముందు మేడమ్‌కి సారీ సెప్పు. తరవాత పెద్ద మామా దగ్గిర కూకో. వాదించకు. నీకు ప్రశ్నలంటే సరదా గదా, ఆవిణ్ణి అడుగు. ఖులంజాన్ సంగతి అడుగు. మిగతాది నేను సూసుకుంటాను.”

ముందు మేడమ్ కూతురికి సందేశం పంపి, శుక్రవారం మధ్యాహ్నం వెళ్ళాను. నా క్షమాపణను ఆమె తల్లికి అరబ్బీలో చెప్పింది. మేడమ్ తలూపింది. కూతురు నాతో విడిగా, “మీరు చెప్పింది తప్పు కాదు. కాని మా అమ్మ ఇంట్లో, మా అమ్మ ముందు, అమ్మకు రాని భాషలో చెప్పారు” అంది.

పెద్ద మామా కిటికీ దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చుంది. చిన్నమ్మ మోకాళ్ళకు నూనె రాస్తూ, తన వంటింటి అరబ్బీలో మా ఇద్దరి మధ్యా మాట నడిపింది. నేను అడిగాను: మీ ఇంట్లో ఖులంజాన్ ఎలా ఇచ్చేవాళ్ళు? ముసలమ్మ ముఖం విచ్చుకుంది. పాలల్లో మరిగించి ఇచ్చేవారట. తొలికాన్పుకు తాను చిన్నపిల్ల. ఘాటుకు తట్టుకోలేక కప్పు విసిరికొట్టిందట. తల్లి ఒక్క మాట అనకుండా నేల తుడిచి, మళ్ళీ కాచి, ఈసారి తన చేత్తో పట్టుకుని తాగించిందట.

చెబుతూ చెబుతూ ముసలమ్మ ఆగి, చిన్నమ్మ వైపు వంగి ఏదో అడిగింది. చిన్నమ్మ దాన్ని నాకు తెలుగులో చెప్పలేదు. నూనె చేతులు అలాగే మోకాలి మీద ఉంచి, తానే జవాబు చెప్పడం మొదలుపెట్టింది.

“ఏమంటున్నది చిన్నమ్మా?”

“ఉండమ్మాయ్. ఇది నా మాట.”

ఉన్నాను. నా జీవితంలో నేను అర్థంకాకుండా, అడ్డురాకుండా విన్న మొదటి ప్రసంగం అదే అనుకుంటాను. మధ్యలో ‘బిన్తీ’ అన్న మాట రెండుసార్లు వినబడింది. కూతురని నాకు తెలుసు. గొంతు పెంచలేదు, ఏడవలేదు. చివర్లో కుడిచేతి వేళ్ళు కలిపి, ముద్ద పెడుతున్నట్టు చూపించింది. గది ఆ చివర మేడమ్ చూపు కూతురి మీద పడింది.

అప్పుడు పెద్ద మామా నా వైపు చూపించి ఏదో అంది. చిన్నమ్మ తెలుగులో చెప్పింది: “నేనెల్తే మనవరాలికి కాయం ఎవరు సేత్తారంటంది. ఇంటిపనికి ఎవర్నో ఒకర్ని తెచ్చుకుంటారంట. కాయానికే ఎవరూ లేరంట.”

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకుని చిన్నమ్మను అడిగాను, “నేను చెప్పనా?”

“ఇప్పుడు సెప్పు.”

“నేను చేస్త.”

చిన్నమ్మ దాన్ని అరబ్బీలో చెప్పే ముందు నన్ను పైకీ కిందికీ చూసి, “నువ్వా? టీ పొంగించుకుంటావు నువ్వు” అంది. తర్వాత చెప్పింది.

ఆ తర్వాతి వారంలో మేడమ్ భర్త ఎగ్జిట్ రీ-ఎంట్రీ వేయించాడు. రెండు నెలలకు. ఆ వారమంతా మా వంటింట్లో నాకు పాఠం జరిగింది. దుంపరాష్ట్రం అంత తేలిగ్గా నలగదు. ముందు రాయితో చిదిమి, తర్వాత దంచాలి. పై ఇంటి ఇత్తడి రోలు నాకు అప్పగించారు. మొదటిసారి పాకం మాడ్చాను. రెండోసారి జల్లించడంలో బద్ధకించాను, పీచు గొంతుకు అడ్డంపడింది. చిన్నమ్మ దాన్ని నా చేతనే తినిపించి, “ఇప్పుడు తెల్సిందా ఎందుకు జల్లించాలో? ఆధారం కావాలన్నావుగా” అంది. మూడోసారి వేలితో నాకి చూసి ఏమీ అనలేదు. కొలతలు కాగితం మీద రాస్తుంటే మాత్రం నవ్వింది. ఆమె చేతి పిడికిలి నాకు చెంచాల లెక్కల్లోకి రావడం లేదు.

బయల్దేరే రోజు పెద్ద మామా ఆమెకు పొట్లం నిండా ఖులంజాన్ ఇచ్చింది. పొడి అయితే విమానాశ్రయంలో అదేమిటని ఆపుతారని దుంపలుగానే ఇచ్చింది. “మా ఊళ్ళో దొరకదా ఏటి! ఐనా ఆవిడ ఇచ్చింది గదా” అంటూ చిన్నమ్మ దాన్ని చీరల మధ్య పెట్టుకుంది. అందులోంచి ఓ గుప్పెడు తీసి నాకిచ్చింది. సీసాలో ఉన్నవి అవే.

మేడమ్ కూతురికి బాబు పుట్టాడు. డాక్టరును అడిగి సరేనన్నాకే మొదలుపెడదామన్నాను, ఆమె అడిగింది. అయిదో రోజున నేను పొయ్యి దగ్గర గరిటె తిప్పుతుండగా ఫోన్ మోగింది, వీడియో. తెర నిండా ఒక పిల్ల ముఖం, చెమటకు అతుక్కున్న జుట్టు, గట్టిగా మూసిన పెదాలు. వాటి ముందు నాకు బాగా తెలిసిన వేళ్ళు, వాటిలో ఉసిరికాయంత నల్లటి ముద్ద.

“నోరు తెరు. అదుగో, ఆ అమ్మాయి కూడా ఇలాగే ఏసాలేసింది” అంటోంది చిన్నమ్మ. పిల్ల నోరు తెరిచింది. ముఖమంతా ముడుచుకుపోయింది, కళ్ళ వెంట నీళ్ళు. చిన్నమ్మ ఆ గడ్డం పట్టుకుని, మింగేదాకా వదల్లేదు.

తర్వాత తెర అటూ ఇటూ ఊగి, చిన్నమ్మ ముఖం దగ్గరగా వచ్చింది. “నీది ఏదీ? సూపించు.”

గిన్నె వంచి ఫోనుకు దగ్గరగా పట్టాను. కళ్ళు చికిలించి చూసింది.

“ఇంకో రెండు తిప్పులు తిప్పి దింపేయ్. పట్టుకెల్లి, ఆళ్ళమ్మ చేతికియ్యి. మొదటి ముద్ద నువ్వు పెట్టకు.”

రెండు తిప్పులు తిప్పి దింపాను. గిన్నె గుడ్డతో పట్టుకుని మెట్లెక్కి, మేడమ్ చేతికిచ్చాను.