చివరి పేజీ మీద బొట్లు

మా లెక్కల సారు పోయారని సోమవారం పొద్దున మొయినాబాద్ నుంచి ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. అప్పటి నుంచీ నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఆయనకు చేస్తానన్న పని ఒకటి అలాగే ఉండిపోయింది.

చేవెళ్లలో మా ఇంట్లో ఒక పాత దువాల పుస్తకం ఉంది. చేత్తో రాసిన అరబీ ప్రార్థనలు, చుట్టూ బంగారు, నీలి రంగుల తీగలు. ఎన్ని వందల ఏళ్లదో తెలియదు. మా రైతుల ఇంటికి ఎలా వచ్చిందో అసలే తెలియదు. జాగీర్దారు ఇచ్చాడని తాత, దర్గా ఫకీరు దాచమన్నాడని నానమ్మ వాదించుకునేవాళ్లు.

సారుకు ఉర్దూ, ఫార్సీ, అరబీ వచ్చు. రిటైరయ్యాక ఆ పుస్తకం కోసమే బస్సెక్కి వచ్చేవారు. చేతులు కడుక్కుని, తడి ఆరేదాకా ఆగి గాని ముట్టుకునేవారు కారు. "ఎప్పటిది సార్?" అంటే ఒకటే మాట: "తెల్వదంటే తప్పు లేదు బిడ్డా. తెల్వకుంట చెప్తేనే తప్పు." బడిలో లెక్క తప్పినా ఇదే మాట, కాకపోతే అప్పుడు చెవి మెలిపెట్టడం కూడా ఉండేది. నాకు అబ్బిన కాస్త నిజాయితీ ఆయన చలవే అనుకునేవాణ్ణి.

"రాసినోని పేరు, ఊరు ఆఖరి పేజీల ఉంటయి" అంటూ ఒకరోజు తిప్పారు. ఆ పుస్తకం కుడి నుంచి మొదలవుతుంది. మాకేం తెలుసు? దాని ఆఖరి పేజీయే మాకు మొదటి పేజీ. ఏటా దసరాకు పుస్తకాల పూజలో దానికే పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాం. మూడు తరాల బొట్ల కింద అక్షరం కనబడలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన మాత్రం నవ్వారు.

"ఫికర్ జెయ్యకు. మొక్కిండ్రు గని తొక్కలే గదా. పట్నంల పాత కాగితాలు సాఫ్ జేసేటోళ్లుంటరు, జర చూపియ్యి. నేను పోయేలోపట ఆ పేరు చదవాలె."

"వచ్చే వారం సార్" అన్నాను. రెండేళ్లు అదే అన్నాను. తీరిక లేక కాదు. పేరు బయటపడితే ఎవరో వచ్చి, మాది మాకివ్వమంటారేమోనని భయం. ఈమధ్య ఆయన దవాఖానలో పడ్డారని చూడబోతే, మొదట అడిగింది దాని గురించే. "ఇచ్చొచ్చిన సార్, సాఫ్ జేస్తున్నరు" అని అబద్ధమాడాను. ఆయన ఎంత సంతోషపడ్డారో! ఆ మొహం గుర్తొస్తే ఇప్పుడు కూర్చోలేకపోతున్నాను.

నిన్న వాళ్లింటికి వెళ్లాను. "మీ ఫోన్ కోసమే చూసిండు అన్నా. పేరు తెలుస్తది, తెలుస్తది అనుకుంటనే పోయిండు" అంటూ కూతురు ఆయన నోటుబుక్కు తెరిచింది. మా పుస్తకం గురించి ఉర్దూలో రాసుకున్నారు. కాగితం ఎలాంటిది, ఏయే రంగులు వాడారు, పేజీలెన్ని, అన్నీ ఆమె వేలు పెట్టి చదివి చెప్పింది. చివర "రాసినవారు" అని ఉంది. దాని కింద, ఎంత పొడుగు పేరైనా పట్టేలా, రెండు వరుసలు ఖాళీగా వదిలారు.