వంకర అంచు దుప్పటి

ఎమ్మిగనూరులో మా మేనత్త పోయిన సోమవారం పొద్దున కన్నుమూసింది. ఫోన్ చేసిన ఆమె కొడుకు ఏడుస్తూనే, "మగ్గం మింద గుడ్డ నేసేది ఇంగా మూరెడు మిగిలిండాది వదినా" అన్నాడు. ఆదోని నుంచి బస్సులో పోతున్నంతసేపూ ఆ మాటే చెవిలో ఉంది. ఏడుపు వచ్చింది, అబద్ధమెందుకు. కానీ దానికంటే గర్వమే ఎక్కువ వచ్చింది.

మూడేళ్ల కిందట ఆమెకు పక్షవాతం వచ్చి ఎడమ కాలు, ఎడమ చేయి పడిపోయాయి. ఆమెది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి కూర్చుని, కాళ్లతో చెక్కలు తొక్కుతూ, కుడిచేత్తో తాడు లాగి, అడ్డపోగును మోసే నాడెను పరుగెత్తించి, ఎడమచేత్తో పలక కొట్టి ఆ పోగును బిగించాలి. ఇంక ఆ గుంట ఎందుకు, పొరపాటున అందులో పడితే కష్టం, పూడ్చేద్దాం అన్నది నేనే. బడి పంతులమ్మను కదా, నా దగ్గర సలహాలకు కొదవా! అత్త కొడుకు ట్రాక్టరుతో ఎర్రమన్ను తెచ్చి ఇంటి ముందు పోయించాడు.

అత్త మంచం మీంచే కేక వేసింది. మాట ముద్దగా వచ్చినా అందరికీ అర్థమైంది.

"పూడ్సాకండి! నా కాళ్లతో నేనే ఆ గుంటలో దిగల్ల. దిగలేకుంటే దసరాకు పూడ్సుకోండి."

ఆ రోజు నుంచి మొదలుపెట్టింది. ముందు మంచం మీద లేచి కూర్చోవడం, తర్వాత గోడ పట్టుకుని నిలబడడం. ఆపైన రోజూ గోడ వెంబడి నడిచి, ఎక్కడిదాకా పోగలిగిందో అక్కడ పసుపు వేలితో ఒక గుర్తు పెట్టేది. మర్నాటి గుర్తు దానికి జానెడు అవతల పడేది. ఇంకొంచెం నడువు అని మేము ఉబ్బించినా వినేది కాదు. "ఈ పొద్దుకు ఇంతే. రేపటిది రేపు" అనేది.

శ్రావణంలో గడప తట్టుకుని పడింది. మళ్లీ మంచమే. నెల తర్వాత పోయి, "చాల్లే అత్తా, మళ్లీ మొదట్నుంచి ఈ పాట్లు ఎక్కడ పడతావు?" అన్నాను.

"మొదుట్నుంచి యాల పాపా? పోగు తెగితే సీరంతా ఇప్పుతామా? తెగినకాడ ముడేసి ఆడ్నుంచే నేస్తాం."

అన్నట్టే చివరి పసుపు గుర్తు కింద పీట వేయించుకుని, అక్కడి నుంచే లేచింది.

దసరా దగ్గర పడేసరికి మగ్గం దాకా వచ్చింది కానీ, ఎడమ కాలు గుంటలోకి దిగలేదు. అంత లోతుకు వంగనంది. ఇంక అయిపోయిందనుకున్నాను నేను. ఆమె మాత్రం వాకిట్లో వానకు కరుగుతున్న మన్ను వైపు చూసి, "అది ఊరికే పడిండాది గదప్పా, దాంతో రెండు మెట్లు కట్టు" అంది కొడుకుతో. గుంటను పూడ్చడానికి తెచ్చిన మన్నుతోనే గుంటలోకి మెట్లు కట్టాడు. పండగనాడు ఒక్కొక్క మెట్టే దిగి కూర్చుంది. ఎవరినీ చేయి పట్టనివ్వలేదు.

ఆమె మొదట నేసింది ఒక దుప్పటి. ఎడమచేతిలో బలం లేక పలక సరిగా పడేది కాదు. అందుకే ఆ దుప్పటి మొదట్లో నేత పలచగా, అంచు వంకరటింకరగా ఉంటుంది. సగానికి వచ్చేసరికి సర్దుకుంటుంది. చివర చూస్తే ఇది పాత అత్త నేతేననిపిస్తుంది. ఆ వంకర ముక్క కోసేద్దామన్న కొడుకును బాగా తిట్టింది. ఇంటికి ఎవరొచ్చినా ఆ వైపే ముందు విప్పేది. "మొదాలు ఇది సూడు. ఆమైన అది సూద్దువు" అనేది.

సోమవారం ఆమె మీద ఆ దుప్పటే కప్పాము. కొడుకు వంకర అంచును కాళ్ల కిందికి మడవబోతుంటే ఆపాను. దాన్ని తిప్పి ఆమె గుండెల మీదికి పరిచాను. వచ్చినవాళ్లంతా మొదట దాన్నే చూశారు.