అత్త లినక్స్

మొన్న ల్యాప్‌టాప్ రిపేరుకని పావగడలో ఒక అంగడికి వెళ్తే, బల్ల మీద విప్పి పెట్టిన ఎవరిదో పాత కంప్యూటర్ తెర మీద వేరుశనగకాయ బొమ్మ కనిపించింది. దాని పక్కన గొర్రె, కింద పార. "ఇది యాడిదప్పా?" అని అడిగాను. అంగడాయన తల ఎత్తకుండానే, "క్యాతగానచెర్లు నుంచి వచ్చినాది మేడం. ఏదో లినక్స్. ఎవురు చేసినారో తెలీదు గానీ, ఆ పక్క శానా ఇండ్లల్లో ఇదే ఉండాది" అన్నాడు. చేసింది నేనేనని చెప్పబోయి ఆగిపోయాను. అది సగం నిజమే.

మిగతా సగం మా అత్తది. నాన్నకు చెల్లెలు; మా ఊరు తిరుమణిలోనే మెట్టింది కాబట్టి పూటా మా ఇంట్లోనే ఉండేది. వాళ్ల పొలం సోలారు పలకల కిందికి వెళ్లాక, "ఇంట్లో కూకోని ఏం చేయాల పాపా" అంటూ, నేను కంప్యూటర్ నేర్పే మహిళా సంఘం గదికి వచ్చి చేరింది. ఆ సోలారు ప్లాంటులో రోజూ అంకెలు ఎక్కించే పని ఒకటి ఉందని, అది తనకే రావాలని పట్టు. అంకెల్లో ఆమెను మించినవాళ్లు మా వంశంలో లేరు. పొద్దున్నే పేపరు పట్టుకుని నిట్టూర్చడం చూసి, లోకం గురించి దిగులు పడుతోందనుకునేవాళ్లం. సంఘం గదిలో ఉన్నవేమో ఎవరో వాడి వదిలేసిన ఎనిమిది ముసలి కంప్యూటర్లు. విండోస్‌కు బదులుగా ఉచితంగా దొరికే లినక్స్ తప్ప మరేదీ వాటి మీద కదిలేది కాదు. దీన్ని మన ఇష్టం వచ్చినట్లు మార్చుకోవచ్చని మాటవరసకు అన్నానో లేదో, అత్త తన ఫోనుతో తీసిన ఫొటోలను తెర మీద నొక్కే గుర్తులకు బదులుగా ఎక్కించింది. బొమ్మల కింది పేర్లు తీసేయమంది. "అచ్చరాలుంటే అద్దం మీద ఈగలు వాలినట్లుండాది" అంది. మరో రోజు, కంప్యూటర్ లేవగానే పాట మోగాలంటే ఏం చేయాలని అడిగింది. దేవుడి పాటనుకుని నేర్పాను. అప్పటినుంచి రోజూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ అరనిమిషం కూర్చునేది. ఆ భక్తికి జడిసి పక్కవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడేవారు.

ఆ తెర చూసి మిగతా ఆడవాళ్లంతా "మాకూ అక్క మాదిరే కావల్ల" అని పట్టుబట్టారు. ఒక్కొక్కటీ మార్చుకుంటూ కూర్చోవడం ఎందుకు, అత్త కంప్యూటర్‌ను ఉన్నదున్నట్లు మూటగట్టి పెన్ డ్రైవ్‌లో పెడితే, ఏ కంప్యూటర్‌లోనైనా ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు కదా అని నాకు బుద్ధి పుట్టింది. మన సొంత లినక్స్! నెల రోజులు తంటాలు పడ్డాను. మొదట కట్టిన మూట పెన్ డ్రైవ్‌లో పట్టలేదు. తర్వాతది పట్టింది గానీ, నల్ల తెర దగ్గరే మొండికేసింది. చివరికి మా ఇంట్లోని పాత యంత్రంలో అంతా సవ్యంగా లేచింది. దానికి స్పీకర్లు లేవు. మూట కట్టేముందు అత్త సొంత ఫైళ్లు తీసేయాలన్న సంగతి, పదిమందికి నేర్పే టీచరమ్మనైన నాకు తట్టనే లేదు.

ఇన్‌స్టాల్ చేసిన రోజు అందరూ ఒకేసారి స్విచ్చులు వేశారు. ఎనిమిది యంత్రాల నుంచి ఒకదాని వెనక ఒకటిగా అత్త గొంతు లేచింది. "గుర్తు పెట్టుకో. శెనక్కాయ బొమ్మ లెక్క రాసేది. గొర్రె బొమ్మ పోటోలు. పార ముట్టుకోవద్దు, అంతా తవ్వి పారేస్తాది. సదువు రాదని భయపడొద్దు. పాపకు మాత్రం తెలీనియ్యొద్దు."

ఏ యంత్రాన్ని ముందు ఆపాలో తెలియక గది మధ్యలో నిలబడిపోయాను. ఎదురుగా అత్త ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. ఆమె పేపరు పట్టుకున్న పొద్దులన్నీ నా కళ్లముందు తిరిగాయి. ఇన్నేళ్లలో ఒక్కసారైనా అందులో ఏముందని నేను అడగలేదు. ఆమె లేచి వరండాలోకి వెళ్లింది. వెనకే వెళ్లాను.

"నా మానం తీసినావు కదా పాపా," అంది, నా వైపు చూడకుండా.

"తెలీక చేసినాను అత్తా."

"తెలీకూడదనే కదా నేను ఇంత పాటు పడింది."

అంతలో లోపలి నుంచి మేకలు కాసే ఆమె ఒకరు గడప దాకా వచ్చి, కొంగు వేలికి చుట్టుకుంటూ, "అక్కా, పార బొమ్మ సంగతి ఇంగోసారి చెప్పు. నాకూ సదవను రాదు" అంది. ఆమె వెనక మరో ఇద్దరు. వాళ్లు సంతకం చేయడం చూసి, చదువు వచ్చనుకునే నేను చేర్చుకున్నాను. అత్త వాళ్లను ఎగాదిగా చూసింది. "సూటిగా చెప్పేదానికేమి మీకు?" అని కసిరి, ముక్కు చీదుకుని లోపలికి నడిచింది.

నేను ఆ గొంతు తీసేస్తానంటే ఒప్పుకోలేదు. చివరి మాట మాత్రం కోసేసి, మిగతాది నిదానంగా మళ్లీ చెప్పి రికార్డు చేయించింది. ఆ మూటే పెన్ డ్రైవ్‌ల మీద ఊరూరూ తిరిగింది. ప్లాంటు ఉద్యోగం ఆమెకు రాలేదు. నా దగ్గర గుణింతాల దాకా వచ్చి, కళ్లు లాగుతున్నాయని మానేసింది. ఇప్పుడు పేపరు తెస్తే నా ఒళ్లో పడేసి, "సదువు" అంటుంది.

నలభై ఏళ్లు ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్న మనిషిని తెలుసుకోవడానికి నాకు అరనిమిషం పట్టింది. ఆ అరనిమిషం రావడానికే అన్నేళ్లు పట్టాయి.