గంప లేని నూకరత్నం

ఏడేళ్లు తన గుమ్మం ముందే కూర్చుని చేపలు కోసి ఇచ్చిన మనిషి ముఖం చెన్నకేశవులు మాస్టారికి ఎందుకు గుర్తులేదు? ఈ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు దొరకలేదు. ఆయన జ్ఞాపకశక్తిని శంకించే ధైర్యం మాత్రం పోర్ట్ బ్లెయిర్‌లోని షాదీపూర్‌లో ఎవరికీ లేదు.

నూకరత్నానికి అసలే లేదు. పెళ్లయి శ్రీకాకుళం తీరం నుంచి ఓడలో వచ్చిన నాటి నుంచీ జెట్టీలో చేపలెత్తుకుని వీధులు తిరగడమే ఆమె పని. వెళ్లొస్తానని చెప్పకుండా ఏ గుమ్మమూ దిగేది కాదు. కూతురు లహరి ఐదో తరగతి. పిల్లకు మూడేళ్లుగా ఫిట్స్. మందులతో అవి తగ్గాయి గాని, చూసిన బొమ్మ మనసులో నిలవదు. చుట్టాలందరూ వైద్యులే కనుక మూడు జతల కళ్లజోళ్లు వచ్చాయి. వాటిలోంచి బొమ్మ స్పష్టంగా కనబడేది, అంతే శుభ్రంగా చెరిగిపోయేది. చివరికి అసలు డాక్టరమ్మ, "కళ్లకేం లేదమ్మా. ఈ జబ్బున్న కొందరు పిల్లలకి ఇలా ఉంటుంది. నోటితో చెప్పి నేర్పించండి" అని కాగితం రాసిచ్చింది.

మాస్టారి పద్ధతి వేరు. దీవుల పటం మూడు నిమిషాలు చూపించి, గోడవైపు తిప్పేసి, గీయమంటారు. లహరి ఎక్కడో ఉత్తరాన ఉండే మాయాబందర్‌ను తీసుకెళ్లి పోర్ట్ బ్లెయిర్‌కి దక్షిణాన సముద్రంలో పడేసింది. అలాంటి పిల్లను ఆరో తరగతికి పంపనని ఆయన రిజిస్టరులో రాసేశారు.

నూకరత్నం గంప ఇంట్లో పెట్టి, పెట్టెలోని పట్టుచీర కట్టుకుని బడికి వెళ్లింది.

"ఎవరమ్మా మీరు?" అన్నారు మాస్టారు.

ఆమె బిత్తరపోయింది. "లహరి ఆళ్లమ్మని బాబూ" అంటూ కాగితం అందించింది.

"కళ్లు బాగున్నాయని ఇందులోనే ఉందిగా! అంటే బద్ధకమే."

"బద్దకం కాదు బాబూ. నోటితో అడిగి సూడండి."

లహరి అడక్కుండానే బెంచీలోంచి లేచి, ఉత్తరానికి వెళ్లే బస్సు కండక్టరు గొంతుతో దారిలోని ఊళ్లన్నీ వరసగా అందుకుంది. "జిర్కాటాంగ్, బారాటాంగ్, కదమ్‌తలా, రంగత్, బిల్లీగ్రౌండ్, మాయాబందర్! జల్దీ చఢో భయ్యా!"

"భూగోళం కళ్లతో చదవాలమ్మా, కేకలతో కాదు. నన్ను చూడండి, ఒకసారి చూసిన ముఖం జన్మలో మరవను."

నూకరత్నం కొంగు బిగించి, బడి ప్రహరీ అదిరేలా కేకేసింది. "సురమయి చేపలో... తాజా సురమయీ!"

మాస్టారు కుర్చీలోంచి లేచిపోయారు. "ఓసి, నూకరత్నమా! నువ్వా? గంప లేదు కదా, అందుకని..."

"ఏడేళ్లు రోజూ సూసినారు. గొంతినబడితే గాని తెలీనేదు. మరి తవరిని ఏ క్లాసులో కూకోబెట్టాలి బాబూ?"

పిల్లలు పుస్తకాలు అడ్డం పెట్టుకుని నవ్వారు. మాస్టారు గొంతు సవరించుకుని లహరివైపు తిరిగారు.

"మాయాబందర్‌కి ముందు?"

"బిల్లీగ్రౌండ్ సార్."

ఆయన రిజిస్టరులో తను రాసినదాని మీద గీత కొట్టారు. పద్ధతి మార్చడం లేదనీ, కేవలం చేతిరాత సరిచేస్తున్నాననీ ప్రకటించారు. "నూకరత్నం, ఆదివారం సురమయి తలకాయ నాకే ఉంచు..."

ఆ మాట వెనకనుంచి వినబడింది. నూకరత్నం అప్పటికే గేటు దాటింది. వెళ్లొస్తానని చెప్పలేదు.