చెల్లె వేళ్ళు పడిన కందీలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో విరిగిన కొవ్వొత్తులకు కొదువ ఉండేది కాదు. పురానాపూల్ దగ్గర మా తాతయ్యకు అగర్‌బత్తీలు, కర్పూరం, కొవ్వొత్తులు అమ్మే దుకాణం ఉండేది. విరిగినవాటిని ఎవరూ కొనరు కదా, వాటిని ఆయన సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేవాడు. ఏడాదంతా పోగైన ఆ ముక్కలతో దీపావళికి ముందు మేము లోపల దీపం పెట్టే మైనపు కందీళ్ళు చేసేవాళ్ళం. మా గల్లీలో ఇంకెవరి గుమ్మం ముందూ అలాంటివి ఉండేవి కావు. పండుగకు కొత్త గౌను రాకపోయినా ఊరుకునేదాన్ని గానీ, కందీలు కాస్త వంకర వచ్చిందంటే ఇల్లు పీకి పందిరేసేదాన్ని. అంత పొగరు నాకు.

చేసే పద్ధతి చెబితే తేలికే. పెద్ద గంజులో నీళ్ళు మరగబెట్టి, అందులో పాత నూనె డబ్బా నిలబెట్టి, కొవ్వొత్తి ముక్కలు కరిగించాలి. బెలూన్‌ను మేము బుగ్గ అంటాం. బుగ్గలో చల్లనీళ్ళు నింపి, చిన్న ఖర్బూజా అంత కాగానే మూతి ముడేసి, ఆ మైనంలో సగం పైదాకా ముంచి తీయాలి. కాస్త ఆరనిచ్చి మళ్ళీ ముంచాలి. అలా పది పన్నెండుసార్లు. ఆత్రపడి ఎక్కువసేపు ముంచి ఉంచితే అంతకుముందు పట్టిన మైనం కూడా కరిగి డబ్బాలోకే పోతుంది. చివర్లో పళ్ళెం మీద కూర్చోబెడితే అడుగు చదునవుతుంది. మైనం గట్టిపడ్డాక ముడి విప్పి నీళ్ళు ఒంపేస్తే బుగ్గ ముడుచుకుని బయటికొచ్చేస్తుంది, గిన్నెలాంటి కందీలు మిగులుతుంది. లోపల చిన్న ప్రమిద వెలిగిస్తే గోడలు పసుపు రంగు వెలుగుతో నిండిపోయేవి.

నాకు పదేళ్ళు వచ్చిన ఏడు తాతయ్య మొదటిసారి పనంతా నాకే అప్పజెప్పాడు. "ఈసారి నువ్వే జెయ్ బిడ్డా, నేను కూసోని సూస్త," అన్నాడు. నా ఆనందం చెప్పనలవి కాదు. ఆ మధ్యాహ్నమంతా చెమటలు కక్కుతూ ముంచీ తీసీ ఒక కందీలు చేశాను. ఎక్కడా గీత లేదు, బొడిపె లేదు. పళ్ళెం మీద పెట్టి, అమ్మను పిలుచుకొద్దామని వంటింట్లోకి పరిగెత్తాను.

తిరిగొచ్చేసరికి మా చెల్లె దాని ముందు గొంతుక్కూర్చుని ఉంది. దానికి అప్పుడు మూడున్నరేళ్ళు. ఇంకా వెచ్చగా, మెత్తగా ఉన్న మైనంలో కుడిచేతి ఐదు వేళ్ళూ అదిమి పెట్టి, మురిసిపోతూ నా వైపు చూసి, "నేను గుడ జేసిన!" అంది.

వీపు మీద ఒక్కటి ఇచ్చాను. గట్టిగానే. ఈ మాట దాచి ఏం లాభం. అది గుక్కపట్టి ఏడ్చింది, నేను దానికంటే ఎక్కువ లొల్లి చేశాను. తాతయ్య నన్నేమీ అనలేదు. చెల్లెను చంకనెత్తుకుని, మైనం గట్టిపడేదాకా ఆగి, సందెవేళ ఆ కందీలులో ప్రమిద వెలిగించి నన్ను పిలిచాడు. వేళ్ళు పడిన ఐదు చోట్లా మైనం పలచబడి, వెలుగు అక్కడినుంచే ఎక్కువగా వస్తోంది. "సూడు, ఎంత మంచిగున్నదో. ఉండనియ్ బిడ్డా," అన్నాడు. అమ్మ కూడా చూసి మెచ్చుకుంది. చెల్లె గల్లీలో పోయేవాళ్ళందరినీ పిలిచి తన వేళ్ళు చూపించుకుంది. నేను మాత్రం మూతి ముడుచుకుని లోపలికి పోయాను.

రెండు రోజులకు దానికి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. రాత్రికి ఒళ్ళు కాలిపోయి, పిలిస్తే పలకలేదు. అమ్మా నాన్నా తాతయ్యా ముగ్గురూ దాన్నెత్తుకుని పెద్దాసుపత్రికి పోయారు. నన్ను పక్కింటి అక్కకు అప్పజెప్పారు.

రెండో రోజు మధ్యాహ్నం అక్క కునుకు తీస్తుంటే నేను మా ఇంటికి వచ్చి, స్టవ్ వెలిగించి, ఆ కందీలును డబ్బాలో వేసి కరిగించాను. చెల్లె వచ్చేసరికి ఇంకా మంచిది చేసి పెడదామనుకున్నానని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అబద్ధం. పండుగనాడు గల్లీ పిల్లలు ఆ గుంటలు చూసి నవ్వుతారని కరిగించాను, అంతే. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. అదే మైనంతో నున్నటి కందీలు ఇంకొకటి చేసి, అరుగు మీద పెట్టి, ఏమీ ఎరగనట్టు అక్క పక్కన పోయి పడుకున్నాను.

మర్నాడు తెల్లవారుతూనే వాళ్ళు ముగ్గురూ వచ్చారు. చెల్లె తాతయ్య భుజం మీద, మొహం కూడా కప్పేసిన దుప్పట్లో ఉంది.

దానికి ఒక్క ఫోటో కూడా లేదు. పండుగయ్యాక తీయిద్దామనుకున్నారట. దాని బట్టలు అప్పటికే ఉతికేసి ఉన్నాయి, వాసన కూడా మిగల్లేదని అమ్మ వాటిని మొహానికి ఆనించుకుని ఏడ్చేది. పది రోజులు గడిచాక ఒక పొద్దున ఉన్నట్టుండి లేచి, అరుగు మీది కందీలు తెచ్చి, ఇటు తిప్పి అటు తిప్పి తడిమింది. "చెల్లె వేళ్ళున్నది ఏదే?" అని నన్నడిగింది. ఆ మొహం చూసి నిజం చెప్పగల ధైర్యం నాకు లేదు.

గుమ్మంలో నిలబడి ఉన్న తాతయ్య నా వైపు ఒక్కసారి చూశాడు. "నేనే కరగబెట్టిన అమ్మా," అన్నాడు. "వంకరవోయిందని కరగబెట్టిన. గిట్లయితదని తెల్వకపాయె."

అమ్మ ఆయన్ని చూసిన చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. కందీలు కింద పెట్టి లోపలికి పోయింది. ఆ రోజు నుంచి మామగారితో మాట్లాడటం మానేసింది.

ఆ సాయంత్రం దుకాణంలో తాతయ్య కాళ్ళు పట్టుకుని ఏడ్చాను. ఆయన నా తల నిమిరి, "ఫికర్ జేయకు బిడ్డా. నీకు ధైర్యం వచ్చిన్నాడు నువ్వే చెప్పు. అందాక నా మీదుండనియ్, నేను మోస్త," అన్నాడు. ఆ 'అందాక' అన్న మాట నాకు ఎంత బాగా కలిసొచ్చిందో! రేపు చెబుదాం, బతుకమ్మకు చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. తొమ్మిది నెలలు గడిచాయి. బోనాలు ఇంకా రాకముందే, దుకాణంలో గల్లా ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. అందరికంటే నేనే ఎక్కువ ఏడ్చాను. తాతంటే ఎంత ప్రాణమో పాపం ఈ పిల్లకు, అని చుట్టాలు నన్ను ఓదార్చారు.

నలభై ఏళ్ళు ఆ మాట నా గొంతులోనే ఉంది. అమ్మకు డెబ్బై దాటాక ఒక మధ్యాహ్నం ఇద్దరం చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తుంటే, ఎందుకో ఇక ఆపుకోలేకపోయాను. ఆ కందీలు కరిగించింది నేనని చెప్పేశాను. అమ్మ తలెత్తలేదు.

"నాకెర్కనే," అంది. "గా దినాలు మామ దవాఖాన్ల నా పక్కపొంటే ఉన్నడు. ఇంటి మొకమే సూడలె. ఇగ కందీలు ఎప్పుడు కరగబెట్టిండు?"

పదేళ్ళప్పుడు సరే, యాభై ఏళ్ళు వచ్చినా ఆ సంగతి నాకు తట్టలేదు. మరి తాతతో ఎందుకు మాట్లాడలేదని అడిగాను.

"ఏం జెయ్యాలె? కడుపుల మంట. నీ మీద వోస్తే నువ్వు గుడ నాకు దక్కకపోదువు. ఆయన ఎదురొచ్చి నిలవడ్డడు. ఆయన మీదనే వోసిన." ఇంకో చిక్కుడుకాయ చేతిలోకి తీసుకుంది. "ఇయ్యాల మాట్లాడ్త, రేపు మాట్లాడ్త అనుకుంటనే ఉన్న. గంతలనే ఆయన పాయె."

మేమిద్దరం ఆయన్ని తొమ్మిది నెలలు ఒకే అబద్ధం కింద నిలబెట్టామని అప్పుడు తెలిసింది. పట్టుకుని ఏడవడానికి అమ్మకు నేను పక్కనే ఉన్నాను, నాకు అమ్మ ఉంది. ఆయన దగ్గరికి వెళ్ళి చెప్పడానికి మా ఇద్దరికీ దారి లేదు.

ఇప్పుడు నేను మనవలున్న ముసలిదాన్ని. పాలు పొంగిపోయినా, తాళంచెవి పోయినా, ఎవరూ అడగకముందే నేనే చేశానని చెప్పేస్తాను. మా కోడలు నవ్వుతుంది, ఎవరడిగారత్తయ్యా అంటుంది. ఆ తొమ్మిది నెలలూ అమ్మ రోజూ నా కంచంలో వేడివేడిగా వడ్డించి, ఇంకాస్త తిను బిడ్డా అని బతిమాలేది. తాతయ్య కంచం మాత్రం ఆయన ముందు పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయేది. ఆయన పక్కనే కూర్చుని, రెండు పూటలా నేను కడుపునిండా తిన్నాను.