గులాబీ చారల పైజమా

ఐవీ స్టాథర్స్ చేపను కోస్తుంటే చూడాలి. కత్తి ముల్లు వెంటే జారుతూ పోతుంది, ముల్లు మీద గోరంత కండ కూడా మిగలదు. ఇంగ్లండులోని హల్ రేవులో మా షెడ్డులో ముప్పై మంది ఆడవాళ్లం కాడ్ చేపలు కోస్తాం. అమ్మకు జబ్బు చేసి పదిహేనేళ్లకే బడి మానేసిన నన్ను మొదటిరోజున ఆమె పక్క బల్ల దగ్గర నిలబెట్టారు. అప్పటికే ఆమెకు యాభై దాటాయి. అవే చేతులు సాయంత్రాలు ఇంట్లో చిటికెన వేలంత సైనికుల్ని కూడా కోస్తాయని నాకు తెలియడానికి ఏడాది పట్టింది.

అంగట్లో పెట్టెల్లో అమ్మే ప్లాస్టిక్ సైనికులంతా మగవాళ్లే. ఐవీకి కావలసింది ఆడపిల్లలు. అందుకని మగవాళ్లనే కొనుక్కొచ్చి నడుం దగ్గర బ్లేడుతో కోసి, పక్కకు తిప్పి, కాల్చిన సూదితో అతికించేది. భుజాలు చెక్కి సన్నం చేసేది. మీసం గీకేస్తే సగం పని అయిపోయినట్టేనని నవ్వేది. కోటు అంచులకు లప్పం, బెల్టులకు టూత్‌పేస్టు గొట్టం రేకు. సైనికులు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రాన్ని కూడా పారేసేది కాదు. కొవ్వొత్తి మంట మీద వేడిచేసి లాగితే అది వెంట్రుకలా సాగుతుంది. ఆ తీగతో చువ్వలు, పిడులు చేసేది.

ప్రతి గురువారం చర్చి వెనక గదిలో ఇలా సైనికుల నమూనాలు చేసేవాళ్ల క్లబ్బు కూడేది. అందులో ఇరవై ఇద్దరు మగవాళ్లు, ఐవీ. టీ పోయడానికి నన్ను తీసుకెళ్లింది. నాకు అదే నయం. కెటిల్ వెనక నిలబడితే ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు, అందర్నీ చూడొచ్చు.

క్లబ్బు అధ్యక్షుడు బ్లెంకిన్ భూగోళం చెప్పే మాస్టారు. సైనిక దుస్తుల మీద ఆయన దగ్గర ఆరొందల పుస్తకాలున్నాయి. పోటీకి పెట్టే ప్రతి నమూనా పక్కన ఒక చీటీ ఉండాలి. అందులో ఏ పుస్తకం, ఏ పేజీ, ఏ బొమ్మ చూసి చేశారో రాయాలి. ఆయన మంచివాడు కాడని అనను. ఒకసారి తను చేసిన గుర్రపు రౌతు కోటుకు ఒక గుండీ తక్కువైందని ఆయనే కనిపెట్టి, ఆ బొమ్మను బల్ల మీంచి తీసేసి, అందరి ముందూ క్షమాపణ చెప్పుకున్నాడు.

అక్టోబరు ప్రదర్శనకు మూడు వారాల ముందు ఐవీ తన నమూనాను తెచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆమె పనిచేసిన ఫిరంగి స్థావరమది. మధ్యలో మూడుకాళ్ల పీట మీద పెద్ద పెట్టె. పైన పోయే విమానం క్షణం తర్వాత ఎక్కడుంటుందో లెక్కగట్టి ఫిరంగికి చెప్పే యంత్రమది. దాన్నంతా చదును ప్లాస్టిక్ రేకుతో చేసింది. చక్రాలు మాత్రం జాకెట్టు టిచ్ బటన్లు. చుట్టూ నలుగురు ఆడపిల్లలు తలెత్తి చూస్తున్నారు.

బ్లెంకిన్ భూతద్దం పెట్టి యంత్రాన్ని చూసి చాలా మెచ్చుకున్నాడు. తర్వాత భూతద్దం కిందికి జరిగి ఒక పిల్ల కాళ్ల దగ్గర ఆగింది.

"ఐవీ గారూ, కోటు కింద ఇదేంటి?"

"పైజమా. గులాబీ చారలది. ఈ పిల్ల క్వీనీ. వాళ్లమ్మ కుట్టిచ్చింది."

ఆయన వెనక నుంచి బట్టతల వాల్ట్ తొంగిచూశాడు. "హెల్మెట్ కింద జుట్టుకు రోలర్లు కూడానా? ఎవరి పెళ్లికమ్మా ప్రయాణం?"

"నీకు జుట్టుంటే నీకూ చుట్టేదాన్నోయ్," అంది ఐవీ.

అందరూ నవ్వారు. బ్లెంకిన్ నవ్వలేదు. నియమావళి ప్రకారం ఖాకీ ప్యాంటు ఉండాలని, పైజమా ఏ పుస్తకంలోనూ లేదని చెప్పాడు. సైరన్ మోగితే పక్కమీంచి లేచి కోటు తగిలించుకుని పరిగెత్తడానికే టైము చాలేది కాదని ఐవీ చెప్పింది.

"కావచ్చండీ. కానీ జ్ఞాపకం ఆధారం కాదు. మనుషులు మర్చిపోతారు."

"మీరు మర్చిపోతారేమో. ఈ యంత్రం ఎడమ చక్రం తిప్పింది నేను. అప్పుడు మీరు నిక్కర్లేసుకుని బడికి పోతున్నారు."

చివరికి ఆయన తేల్చి చెప్పాడు. పేజీ నంబరైనా తేవాలి, ఖాకీ రంగైనా వెయ్యాలి. లేదంటే పోటీ బల్ల మీద దానికి చోటు లేదు. ఇంటికెళ్లే ముందు వాల్ట్ తన ఖాకీ సీసా, సన్న కుంచె తీసి ఆమె ముందు పెట్టాడు. రెండు చుక్కలేస్తే అయిపోయేదానికి గొడవెందుకన్నాడు. నిజానికి నేనూ అలాగే అనుకున్నాను. మర్నాడు చేపలు కోస్తూ ఆమెతో ఆ మాట అనేశాను కూడా.

ఐవీ కత్తి ఆపలేదు. ఫిరంగుల దగ్గర కెమెరాలు నిషేధమట. ఒక వసంతంలో వాళ్లు తొమ్మిది మంది పడుకునే రేకు గుడిసె మీద బాంబు పడినప్పుడు లోపల ఉన్నది క్వీనీ ఒక్కతే. యూనిఫాంలో ఆమె ఫొటో ఒక్కటీ లేదు.

"ఖాకీ వేస్తే అది ఎవరో ఒక పిల్ల అవుతుంది. క్వీనీ అవదు," అంది. "ఆ పిల్ల ఎలా ఉండేదో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలా. నేనే చెరిపెయ్యనా?"

ప్రదర్శన రోజు పొద్దున్నే ఐవీ నమూనాను తెచ్చి పోటీ బల్ల మీద పెట్టింది. చారలు అలాగే ఉన్నాయి. చీటీలో ఆధారం అన్నచోట "నేను" అని రాసి ఉంది. కమిటీ ముగ్గురూ గుసగుసలాడుకున్నారు. బ్లెంకిన్ ఎర్రబడ్డ ముఖంతో వచ్చి, దాన్ని తీసేయమని మర్యాదగానే అడిగాడు. ఆమె తీసింది. ఇంటికి పోతుందనుకున్నారు. నేరుగా నా దగ్గరకొచ్చింది.

"పిల్లా, ఆ బిస్కెట్ల పళ్లెం అటు జరుపు."

జరిపాను. ఆమె నమూనాను అక్కడ దించింది. పాలజగ్గు పక్కన క్వీనీ నిలబడింది.

టీ తాగని మనిషి మా ఊళ్లో లేడు. హాల్లోకొచ్చిన ప్రతివాళ్లూ నా బల్ల ముందు వరసలో నిలబడాల్సిందే. మధ్యాహ్నం మొగుడితో వచ్చిన ఒక పెద్దావిడ కప్పు అందుకోబోయి ఆగిపోయింది. వంగి చూసింది.

"మావి నీలం చారలు," అంది.

ఐవీ గబుక్కున లేచింది. "ఎక్కడ చేశావ్?"

"గ్రిమ్స్‌బీ దగ్గర. చలికాలం రెండేసి వేసుకునేవాళ్లం."

ఆ ఇద్దరూ అక్కడే నిలబడి మాట్లాడుకుంటూ పోయారు. ఆవిడ టీ చల్లారిపోతే రెండోసారి పోశాను. వరసలో మూడో మనిషి బ్లెంకిన్. కప్పు పట్టుకుని అంతా విన్నాడు.

ఆవిడ వెళ్లాక ఐవీ దగ్గరకొచ్చాడు. దీనికొక దారుందన్నాడు. ఈ సంగతులన్నీ ఒక పేజీలో రాసిస్తే క్లబ్బు పత్రికలో వేస్తాడట. వచ్చే ఏడాది ఆ పేజీ నంబరే చీటీలో రాసుకోవచ్చట. అప్పుడు మొదటి బహుమతి కూడా రావచ్చన్నాడు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఐవీ ఆయన ముఖంలోకి చూసింది.

"అంటే నేను నోటితో చెప్తే చెల్లదు. అదే మీరు అచ్చేస్తే చెల్లుతుంది. అంతేనా?"

"అలా కాదండీ, ఒక పద్ధతి..."

"మీ పద్ధతి మీ దగ్గరే ఉంచుకోండి. నేను రాయను. బొమ్మ ఇక్కణ్ణుంచి కదలదు. చక్కెర అటు పక్కనుంది."

ఆయన చక్కెర వేసుకుని వెళ్లిపోయాడు. బహుమతి ఒక గుర్రపు రౌతుకు వచ్చింది. హాలు తలుపులు మూసేదాకా క్వీనీ పాలజగ్గు పక్కనే ఉంది.

ఇక ఐవీ క్లబ్బుకు రాదని వాల్ట్ పందెం కాశాడు. తర్వాతి గురువారం ఆమె అందరికంటే ముందొచ్చి కూర్చుంది. ముందు కొత్త చెక్కపలక, దాని మీద రేకు గుడిసె, రెండు గుంజలు, వాటి మధ్య వెంట్రుకంత తీగ. బ్లెంకిన్ ఉండబట్టలేక దగ్గరకొచ్చి అదేమిటని అడిగాడు.

"బట్టలారేసే తీగ," అంది ఐవీ తలెత్తకుండా. "తొమ్మిది పైజమాలు పడతాయి. పేజీ నంబర్లు మాత్రం అడక్కండి."